మామిడికాయ కోసిన కత్తి: ఇంగ్లిష్‌లో రిలేటివ్ క్లాజులు తప్పుల్లేకుండా రాయడం ఎలా

తెలుగులో 'కోసిన' అన్న ఒక్క మాట ఎన్ని పనులు చేస్తుందో చూడండి. మామిడికాయ కోసిన అమ్మాయి. మామిడికాయ కోసిన కత్తి. మామిడికాయ కోసిన పీట. మామిడికాయ కోసిన చెట్టు. మామిడికాయ కోసిన రోజు. అమ్మాయి కోసింది, కత్తితో కోశారు, పీట మీద పెట్టి కోశారు, చెట్టు నుంచి కోశారు, ఆ రోజున కోశారు. సంబంధాలు ఐదు, మాట మాత్రం ఒకటే. 'తో', 'మీద', 'నుంచి' ఎక్కడా పైకి కనబడవు. కత్తి తనంతట తాను కోయదని మనకు తెలుసు కాబట్టి అర్థం అదే తెలిసిపోతుంది.

ఇంగ్లిష్ ఈ వెసులుబాటు ఇవ్వదు. అదే ఐదింటిని ఇంగ్లిష్‌లో పెడితే ఇలా వస్తాయి:

"ద గర్ల్ హూ కట్ ద మ్యాంగో"
"ద నైఫ్ దట్ వి కట్ ద మ్యాంగో విత్"
"ద బోర్డ్ దట్ వి కట్ ద మ్యాంగో ఆన్"
"ద ట్రీ దట్ వి పిక్డ్ ద మ్యాంగో ఫ్రమ్"
"ద డే వెన్ వి కట్ ద మ్యాంగో"

తెలుగులో మింగేసిన 'తో', 'మీద', 'నుంచి' ఇక్కడ విత్, ఆన్, ఫ్రమ్ రూపంలో బయటికి వచ్చి కూర్చున్నాయి. ఇలా హూ, దట్, వెన్ లాంటి మాటతో మొదలై ముందున్న నామవాచకాన్ని వివరించే ముక్కనే రిలేటివ్ క్లాజ్ అంటారు. వీటిలో తెలుగువాళ్ళు చేసే తప్పుల్లో చాలా వాటికి మూలం ఇదే: తెలుగు దాచిన సంబంధాన్ని ఇంగ్లిష్‌లో చెప్పడం మరిచిపోతాం, లేదా భయపడి రెండుసార్లు చెబుతాం. హూ, విచ్, దట్ పట్టిక బట్టీ పట్టినంత మాత్రాన ఇది కుదరదు. వాక్యాన్ని ఎలా కట్టాలో చేతికి అలవాటు కావాలి.

ముందు రెండు వాక్యాలుగా విడగొట్టండి

తెలుగు వ్యాకరణంలో వచ్చిన, వచ్చే, వస్తున్న, రాని లాంటివాటిని క్రియాజన్య విశేషణాలు అంటాం. ఇవి నామవాచకానికి ముందు వస్తాయి. ఇంగ్లిష్ రిలేటివ్ క్లాజ్ ఇదే పని నామవాచకం తర్వాత చేస్తుంది. కాబట్టి తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాసేవాళ్ళు మొదట పట్టుకోవాల్సింది ఆ విశేషణాన్నీ, దాని వెంట ఉన్న నామవాచకాన్నీ.

ఈ వాక్యం తీసుకోండి: నిన్న మీరు పంపిన ఫైలు తెరుచుకోవడం లేదు. విశేషణం 'పంపిన', నామవాచకం 'ఫైలు'. దీన్ని రెండు పూర్తి వాక్యాలుగా రాయండి:

"ద ఫైల్ ఈజ్ నాట్ ఓపెనింగ్."
"యు సెంట్ ద ఫైల్ యెస్టర్‌డే."

రెండో వాక్యంలోనూ 'ద ఫైల్' ఉంది కదా, దాన్ని కొట్టేయండి. "యు సెంట్ ___ యెస్టర్‌డే." అక్కడ ఒక ఖాళీ మిగిలింది. రిలేటివ్ క్లాజ్ అంటే ఖాళీ ఉన్న వాక్యమే. ఆ ఖాళీ వాక్యం ముందు దట్ పెట్టి, మొదటి వాక్యంలో 'ద ఫైల్' అన్న మాట పక్కనే అతికించండి: "ద ఫైల్ దట్ యు సెంట్ యెస్టర్‌డే ఈజ్ నాట్ ఓపెనింగ్."

మొదట్లో ప్రతి వాక్యానికీ ఇలా కాగితం మీద రెండు వాక్యాలు రాయడం విసుగనిపిస్తుంది. అయినా వారం పది రోజులు మానకండి. ఖాళీ ఎక్కడుందో కంటికి కనబడటం మొదలైతే మిగతాదంతా సులువు.

ఖాళీని మళ్ళీ నింపకండి

"ద ఫైల్ దట్ యు సెంట్ ఇట్ యెస్టర్‌డే." మన దగ్గర ఎక్కువగా కనబడే తప్పు ఇదే. కొట్టేసిన 'ద ఫైల్' స్థానంలో ఇట్ మళ్ళీ వచ్చి చేరింది. దట్ అప్పటికే ఆ పని చేస్తోంది కాబట్టి ఇట్ అక్కర్లేదు. "ద పీపుల్ హూ ఐ మెట్ దెమ్", "ద హౌస్ దట్ వి బాట్ ఇట్" కూడా ఈ కోవలోవే.

దీనికి తోబుట్టువు లాంటి తప్పు ఇంకొకటుంది: "ద మ్యాన్ హూ కేమ్ యెస్టర్‌డే హి ఈజ్ మై అంకుల్." ఇక్కడ అదనంగా చేరింది ప్రధాన వాక్యం కర్త దగ్గర. దీనికీ మన తెలుగులోనే కారణం దొరుకుతుంది. మనకు 'ఎవరైతే ముందు వస్తారో వాళ్ళకే సీటు' అనే ఇంకో పద్ధతి కూడా ఉంది. అందులో 'వాళ్ళు' తప్పనిసరి. దాన్ని ఉన్నదున్నట్టు దింపితే "హూ కమ్స్ ఫస్ట్ దే విల్ గెట్ ద సీట్" అవుతుంది. ఇంగ్లిష్‌లో "ద పర్సన్ హూ కమ్స్ ఫస్ట్ విల్ గెట్ ద సీట్" అనాలి, లేదా "హూఎవర్ కమ్స్ ఫస్ట్ గెట్స్ ద సీట్" అనొచ్చు. దే, హి రెండోసారి రాకూడదు.

సరిచూసుకునే పద్ధతి: రాసిన వాక్యంలో హూ నుంచి క్లాజ్ చివరి వరకూ వేలితో మూసేయండి. "ద మ్యాన్ ... హి ఈజ్ మై అంకుల్" అని మిగిలితే తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. ఇదే పరీక్ష ఇంకో జబ్బునీ బయటపెడుతుంది. "ద స్టూడెంట్స్ హూ పాస్డ్ ద ఎగ్జామ్ ఇన్ మార్చ్." అని ఫుల్‌స్టాప్ పెట్టేసేవాళ్ళున్నారు. క్లాజ్ మూసేస్తే "ద స్టూడెంట్స్" ఒక్కటే మిగిలింది. వాళ్ళేం చేశారో ఎక్కడా లేదు, అంటే ప్రధాన క్రియే లేదు. క్లాజ్ పొడుగవుతున్నకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది.

ఏ మాట వాడాలి

ఖాళీ ఏ స్థానంలో ఉందో చూసి మాట ఎంచుకోవాలి, నామవాచకాన్ని మాత్రమే చూసి కాదు.

ఖాళీ కర్త స్థానంలో ఉంటే మనుషులకు హూ, వస్తువులకు విచ్ లేదా దట్. కర్మ స్థానంలో ఉన్నా ఇవే. మనుషులకు హూమ్ కూడా ఉంది కానీ మాటల్లో ఇప్పుడు దాదాపు హూ అనే అంటున్నారు. ఉత్తరాల్లో, దరఖాస్తుల్లో హూమ్ వాడితే తప్పు లేదు. ప్రిపోజిషన్ (విత్, ఆన్, ఫ్రమ్ లాంటి మాట) తర్వాత వెంటనే వస్తే మాత్రం హూమ్ తప్పదు: "టు హూమ్", "విత్ హూమ్". గొప్పగా ఉంటుందని హూమ్‌ని ఎక్కడపడితే అక్కడ పెట్టేవాళ్ళు "ద మ్యాన్ హూమ్ ఐ థాట్ వాజ్ ద మేనేజర్" అని రాస్తారు. విడగొట్టి చూడండి: "ఐ థాట్ హి వాజ్ ద మేనేజర్." ఖాళీ హి స్థానంలో ఉంది, హిమ్ స్థానంలో కాదు. కాబట్టి ఇక్కడ హూ రావాలి. హి పోతే హూ, హిమ్ పోతే హూమ్ అని గుర్తుంచుకుంటే చాలు.

'వాళ్ళ', 'దాని' లాంటి స్వాధీన సంబంధమైతే హూజ్. "ద కస్టమర్ హూజ్ అడ్రస్ వాజ్ రాంగ్." హూజ్ తర్వాత వెంటనే నామవాచకం రావాలి, మధ్యలో ద పెట్టకూడదు. మనుషులకే కాదు, వస్తువులకూ హూజ్ చెల్లుతుంది: "ఎ హౌస్ హూజ్ రూఫ్ లీక్స్." ఒక జాగ్రత్త ఉంది. హూ ఈజ్ కుదించి అపాస్ట్రఫీతో రాసేదీ, ఈ హూజ్‌దీ ఉచ్చారణ ఒకటే, స్పెల్లింగ్ వేరు. రాసిందాన్ని 'హూ ఈజ్' అని విడదీసి చదవండి. అర్థం కుదిరితే అపాస్ట్రఫీ ఉన్నది, కుదరకపోతే లేనిది.

1977లో ఎడ్వర్డ్ కీనన్, బెర్నార్డ్ కామ్రీ అనే భాషాశాస్త్రవేత్తలు ఎన్నో భాషల్ని పోల్చి ఒక వరుస ప్రతిపాదించారు. కర్త మీద రిలేటివ్ క్లాజ్ కట్టడం అన్నిటికన్నా సులువు. ఆ తర్వాత కర్మ, తర్వాత ఎవరికి ఇచ్చామో చెప్పేది, ఆపైన ప్రిపోజిషన్‌తో వచ్చేవి, ఇంకా కిందికి స్వాధీన సంబంధం. సాధన ఆ వరుసలోనే చేయండి. హూజ్‌తో మొదలుపెట్టి తలనొప్పి తెచ్చుకోవద్దు.

వేర్ పెట్టాలా, విచ్ పెట్టాలా

ఊరు, బడి, గుడి కనబడగానే వేర్ పెట్టేయడం ఒక అలవాటు. "ద టెంపుల్ వేర్ ఐ విజిటెడ్" తప్పు. విడగొట్టండి: "ఐ విజిటెడ్ ద టెంపుల్." ఇక్కడ గుడి నేరుగా కర్మ, మధ్యలో ప్రిపోజిషన్ లేదు. కాబట్టి "ద టెంపుల్ దట్ ఐ విజిటెడ్" అనాలి. అదే "ఐ స్టడీడ్ ఇన్ దిస్ కాలేజ్" లో ఇన్ ఉంది. అక్కడ మూడు దారులున్నాయి:

"ద కాలేజ్ వేర్ ఐ స్టడీడ్"
"ద కాలేజ్ దట్ ఐ స్టడీడ్ ఇన్"
"ద కాలేజ్ ఇన్ విచ్ ఐ స్టడీడ్"

మూడిట్లో ఏదైనా సరే, ఒకటే వాడాలి. "వేర్ ఐ స్టడీడ్ ఇన్" అంటే రెండుసార్లు చెప్పినట్టు. "ఇన్ విచ్ ఐ స్టడీడ్ ఇన్" అన్నది ప్రభుత్వ దరఖాస్తుల్లో కూడా కనబడుతుంది. "ద కాలేజ్ విచ్ ఐ స్టడీడ్" అంటే ఇన్ పూర్తిగా పోయింది. కాలేజీనే పాఠంగా చదివినట్టు అర్థమొస్తుంది. 'నేను చదివిన కాలేజీ', 'నేను చదివిన పుస్తకం' తెలుగులో ఒకేలా ఉండటమే ఈ తికమకకు కారణం.

చివర్లో ప్రిపోజిషన్ ఉండకూడదని బళ్ళో చెప్పే ఉంటారు. 1672లో జాన్ డ్రైడెన్ అనే కవి తనకు ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాల్లో ఇది తప్పుపట్టాడు. అప్పటినుంచి ఆ భయం అంటుకుంది. నిజానికి మాటల్లో "ద కాలేజ్ ఐ స్టడీడ్ ఇన్" అన్నదే సహజం. ఆఫీసు నివేదికలో, పరిశోధన పత్రంలో "ఇన్ విచ్" రాయండి. వాట్సాప్‌లో "ఇన్ విచ్" రాస్తే మాత్రం నోటీసు పంపినట్టుంటుంది. దట్ ముందు ప్రిపోజిషన్ ఎప్పుడూ రాదు: "ఇన్ దట్ ఐ స్టడీడ్" కుదరదు.

కాలానికి వెన్, కారణానికి వై. వీటితో పెద్దగా ఇబ్బంది రాదు. "ద రీజన్ వై హి లెఫ్ట్" సరే. అదే "ద రీజన్ వై హి లెఫ్ట్ ఈజ్ బికాజ్..." అంటూ బికాజ్ చేరిస్తే చెప్పిందే మళ్ళీ చెప్పినట్టవుతుంది. బికాజ్ తీసి దట్ పెట్టండి.

వాట్ ఎక్కడ రావాలి

"ఎవ్రీథింగ్ వాట్ హి సెడ్", "ద థింగ్ వాట్ ఐ వాంట్" అనే తప్పుకు మందు తెలుగులోనే ఉంది. 'ఆయన చెప్పిన మాట', 'ఆయన చెప్పింది' ఈ రెండూ చూడండి. మొదటిదాంట్లో 'మాట' అనే నామవాచకం విడిగా ఉంది. రెండోదాంట్లో అది లేదు, 'చెప్పింది' లోనే కలిసిపోయింది. ఇంగ్లిష్‌లో వాట్ ఈ రెండో రకానిది. నామవాచకం ముందుంటే దట్, లేకపోతే వాట్. "ద వర్డ్స్ దట్ హి సెడ్ ఆర్ ట్రూ." "వాట్ హి సెడ్ ఈజ్ ట్రూ." ఎవ్రీథింగ్, ఆల్, సంథింగ్, నథింగ్ కూడా నామవాచకం లెక్కే. వాటి తర్వాత దట్ రావాలి, లేదా ఏమీ అక్కర్లేదు.

'వచ్చినవాళ్ళు', 'రానివాళ్ళు' అన్నప్పుడు "దోజ్ హూ కేమ్", "దోజ్ హూ డిడ్ నాట్ కమ్" అనండి.

'రాని' దగ్గర ఇంకో చిక్కుంది. రాని అబ్బాయి అంటే నిన్న రానివాడా, ఎప్పుడూ రానివాడా, రేపు రాబోనివాడా? తెలుగు చెప్పదు. ఇంగ్లిష్‌లో "హూ డిడ్ నాట్ కమ్", "హూ డజ్ నాట్ కమ్", "హూ విల్ నాట్ కమ్" వీటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. 'వచ్చే' కూడా అంతే. రేపు వచ్చే బస్సుకు "దట్ విల్ కమ్ టుమారో", రోజూ వచ్చే బస్సుకు "దట్ కమ్స్ ఎవ్రీ డే".

క్రియకు ఎస్ చేర్చాలా వద్దా అన్నది హూ ముందున్న నామవాచకం మీద ఆధారపడుతుంది. "ద పీపుల్ హూ లివ్స్ హియర్" తప్పు, లివ్ అనాలి. "వన్ ఆఫ్ ద స్టూడెంట్స్ హూ హావ్ పాస్డ్" లో హూ స్టూడెంట్స్‌ను సూచిస్తుంది కాబట్టి హావ్. "ద ఓన్లీ వన్ ఆఫ్ ద స్టూడెంట్స్ హూ హాజ్ పాస్డ్" లో ఒక్కడే కాబట్టి హాజ్.

కామా: చిన్న గీత, పెద్ద తేడా

'డల్లాస్‌లో ఉండే మా అన్నయ్య వస్తున్నాడు.' మీకు అన్నయ్యలు ఎంతమంది? తెలుగు వాక్యం చెప్పదు. ఇంగ్లిష్ రాతలో కామాలు చెబుతాయి.

"మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ డల్లాస్ ఈజ్ కమింగ్." కామాల్లేవు. అన్నయ్యలు ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారు, వాళ్ళలో డల్లాస్‌లో ఉన్నాయన వస్తున్నాడు. ఏ అన్నయ్యో గుర్తుపట్టడానికి ఆ క్లాజ్ కావాలి.

"మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ డల్లాస్, ఈజ్ కమింగ్." రెండు కామాలు. అన్నయ్య ఒక్కడే. ఆయన డల్లాస్‌లో ఉంటాడన్నది అదనపు సమాచారం, తీసేసినా మనిషి మారడు.

కామా పొరపాటు వల్ల కుటుంబ వివరాలు ఫారాల్లో ఒకలా, ఉత్తరంలో ఇంకోలా ఉంటే చదివే అధికారికి అనుమానం రావచ్చు. కాలేజీ నోటీసు బోర్డు మీద ఇదింకా ప్రమాదం. "ద స్టూడెంట్స్ హూ పెయిడ్ ద ఫీ మే టేక్ ద ఎగ్జామ్" అంటే ఫీజు కట్టినవాళ్ళకే పరీక్ష. "ద స్టూడెంట్స్, హూ పెయిడ్ ద ఫీ, మే టేక్ ద ఎగ్జామ్" అంటే అందరూ ఫీజు కట్టేశారు, అందరూ రాయొచ్చు.

కామా పెట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి ఒకటే ప్రశ్న వేసుకోండి: క్లాజ్ తీసేస్తే 'ఏది? ఎవరు?' అని వినేవాడు అడుగుతాడా? అడిగితే కామా వద్దు. అడగకపోతే కామా కావాలి. ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు, "మై ఫాదర్" లాంటి ఒక్కరే ఉండే బంధువులు దాదాపు ఎప్పుడూ కామా వర్గమే: "వరంగల్, వేర్ మై అంకుల్ వర్క్స్, ఈజ్ టూ అవర్స్ అవే."

కామా ఉన్నచోట మూడు షరతులు పాటించాలి. మొదటిది, దట్ వాడకూడదు. వస్తువైతే విచ్, మనిషైతే హూ. రెండోది, కామా తెరిచాక మూయాలి, క్లాజ్ వాక్యం చివర వస్తే తప్ప. మన రాతల్లో రెండో కామా తరచూ ఎగిరిపోతుంటుంది. మూడోది, హూ గానీ విచ్ గానీ వదిలేయడానికి వీల్లేదు.

కామా లేనిచోట విచ్ వాడితే తప్పా? 1926లో ఫౌలర్ అనే ఆంగ్లేయుడు కామా లేని క్లాజుకి దట్, కామా ఉన్న క్లాజుకి విచ్ అని పంచేస్తే బాగుంటుందని సూచించాడు. అమెరికా సంపాదకులు ఆ సూచననే నియమంగా పట్టుకున్నారు. బ్రిటిష్ వాడుకలో కామా లేకుండా విచ్ వాడటం ఇప్పటికీ మామూలే. కాబట్టి మన పదో తరగతి పుస్తకాల్లో కనబడే "ద బుక్ విచ్ ఐ బాట్" తప్పేమీ కాదు. అమెరికన్ యూనివర్సిటీకి పంపే వ్యాసమైతే దట్‌కే కట్టుబడితే మేలు. అక్కడ విచ్ ముందు కామా లేకపోతే ఎర్రగీత పెట్టేవాళ్ళు చాలామంది.

కామా విచ్‌కి ఇంకో ఉపయోగం ఉంది. మొత్తం వాక్యాన్నే సూచించడం. "హి కేమ్ లేట్, విచ్ మేడ్ ఎవ్రీవన్ యాంగ్రీ." ఆలస్యంగా రావడమే కోపానికి కారణం. ఇక్కడ వాట్ గానీ దట్ గానీ చెల్లదు.

'నాకు ముగ్గురు అక్కలు, వాళ్ళల్లో ఇద్దరు గుంటూరులో ఉంటారు.' దీన్ని "ఐ హావ్ త్రీ సిస్టర్స్, టూ ఆఫ్ దెమ్ లివ్ ఇన్ గుంటూర్" అని రాస్తే రెండు వాక్యాల్ని కామాతో అతికించినట్టు, ఇంగ్లిష్‌లో అది తప్పు. దెమ్ తీసి హూమ్ పెట్టండి: "త్రీ సిస్టర్స్, టూ ఆఫ్ హూమ్ లివ్ ఇన్ గుంటూర్." వస్తువులైతే "టూ ఆఫ్ విచ్".

ఏది వదిలేయొచ్చు

కామా లేని క్లాజులో, ఖాళీ కర్మ స్థానంలో గానీ ప్రిపోజిషన్ తర్వాత గానీ ఉంటే దట్ వదిలేయొచ్చు: "ద ఫైల్ యు సెంట్", "ద కాలేజ్ ఐ స్టడీడ్ ఇన్". ఖాళీ కర్త స్థానంలో ఉంటే వదలకూడదు. "ద మ్యాన్ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై అంకుల్" అంటే చదివేవాడు 'ఆయన నిన్న వచ్చాడు' అని వాక్యం ముగిసిందనుకుంటాడు, ఆ తర్వాత ఈజ్ కనబడి తడబడతాడు. గుర్తు ఏమిటంటే, దట్ పక్కనే కొత్త కర్త ఉంటే వదిలేయొచ్చు. దట్ పక్కనే క్రియ ఉంటే వదలొద్దు.

ఇంకా కుదించే పద్ధతి ఒకటుంది, అది మనకు బాగా దగ్గరిది. "ద బాయ్ హూ ఈజ్ సిట్టింగ్ నియర్ ద డోర్" ను "ద బాయ్ సిట్టింగ్ నియర్ ద డోర్" అనొచ్చు. "ద లెటర్ దట్ వాజ్ సెంట్ బై ద బ్యాంక్" ను "ద లెటర్ సెంట్ బై ద బ్యాంక్" అనొచ్చు. అలాగని తెలుగులో 'గ్లాసు పగలగొట్టిన అబ్బాయి' ఉంది కదా అని "ద బాయ్ బ్రోకెన్ ద గ్లాస్" అనకండి. బ్రోకెన్, సెంట్, రిటన్ లాంటి రూపాలు ఈ చోట పని జరిపించుకున్న వస్తువుకే అతుకుతాయి. పగిలింది గ్లాసు, అబ్బాయి కాదు. "ద గ్లాస్ బ్రోకెన్ బై ద బాయ్" సరే. అబ్బాయికైతే "ద బాయ్ హూ బ్రోక్ ద గ్లాస్".

ఖాళీ లేని చోట రిలేటివ్ క్లాజ్ కట్టకండి

'చేపలు వేగుతున్న వాసన', 'వర్షం పడుతున్న చప్పుడు', 'ఆయన వస్తున్నాడన్న వార్త'. ఇవీ పైకి క్రియాజన్య విశేషణాల్లాగే ఉన్నాయి. విడగొట్టడానికి ప్రయత్నించండి. చేపలు వాసనను వేపడం లేదు, వాసనతో వేగడం లేదు. వాసన అన్న మాట రెండో వాక్యంలో ఎక్కడా ఇమడదు, అంటే ఖాళీ లేదు. అలాంటప్పుడు విచ్ పెడితే వాక్యం కుప్పకూలుతుంది. "ద స్మెల్ విచ్ ఫిష్ ఈజ్ ఫ్రైయింగ్" అంటే అర్థమే లేదు. "ద స్మెల్ ఆఫ్ ఫిష్ ఫ్రైయింగ్", "ద సౌండ్ ఆఫ్ రెయిన్" అని ఆఫ్‌తో చెప్పాలి. వార్త, సంగతి, ఆశ, నమ్మకం లాంటివాటికి దట్ వస్తుంది కానీ అది వేరే దట్: "ద న్యూస్ దట్ హి ఈజ్ కమింగ్." దాన్ని విచ్‌తో మార్చలేం. "ద న్యూస్ దట్ హి టోల్డ్ మి" లో మాత్రం టోల్డ్ తర్వాత ఖాళీ ఉంది, అక్కడ విచ్ కూడా పడుతుంది.

గొలుసు తగిలితే

తెలుగు ఎంత పొడుగు గొలుసునైనా మోస్తుంది. 'నిన్న మనింటికి వచ్చిన అబ్బాయి తెచ్చిన పుస్తకం ఎక్కడుంది?' వినడానికి ఏ ఇబ్బందీ లేదు. నియమాల ప్రకారం దింపితే ఇదీ: "వేర్ ఈజ్ ద బుక్ దట్ ద బాయ్ హూ కేమ్ టు అవర్ హౌస్ యెస్టర్‌డే బ్రాట్?" వ్యాకరణం ప్రకారం సరే, కానీ ఇంగ్లిష్ వాళ్ళకు కూడా రెండుసార్లు చదివితేగానీ ఎక్కదు. ఒక క్లాజ్ ఇంకో క్లాజ్ కడుపులో ఇరుక్కుపోయింది. కర్త ముందెక్కడో ఉంటే దాని క్రియ బ్రాట్ వాక్యం చివరికి కొట్టుకుపోయింది.

విప్పే దారులు రెండు. లోపలి క్లాజ్‌ను చివరికి తోసేయండి: "వేర్ ఈజ్ ద బుక్ బ్రాట్ బై ద బాయ్ హూ కేమ్ టు అవర్ హౌస్ యెస్టర్‌డే?" లేదా రెండు వాక్యాలు చేయండి: "ఎ బాయ్ బ్రాట్ ఎ బుక్ టు అవర్ హౌస్ యెస్టర్‌డే. వేర్ ఈజ్ ఇట్?" రెండోది చిన్నపిల్లల ఇంగ్లిష్‌లా ఉందని నామోషీ పడక్కర్లేదు. విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో వ్యాకరణం నాలుగు ప్రమాణాల్లో ఒకటి. అందులో వాక్యాల వైవిధ్యంతో పాటు తప్పుల్లేకపోవడాన్నీ చూస్తారు. కాబట్టి పేరాకు ఒకటి రెండు రిలేటివ్ క్లాజులు శుభ్రంగా పడితే చాలు. ప్రతి వాక్యంలో ఇరికిస్తే తప్పులే పెరుగుతాయి.

క్లాజ్ తన నామవాచకం పక్కనే ఉందో లేదో కూడా చూసుకోండి. "ఐ కెప్ట్ ద బుక్ ఆన్ ద టేబుల్ దట్ ఐ బాట్ ఇన్ విజయవాడ." విజయవాడలో కొన్నది పుస్తకమా, బల్లా? పుస్తకమైతే "ద బుక్ దట్ ఐ బాట్ ఇన్ విజయవాడ" అని కలిపి, ఆ తర్వాత బల్ల సంగతి చెప్పండి.

ఒక మెయిల్ సరిదిద్దుదాం

పై తప్పుల్లో కొన్ని కలగలిపిన ఆఫీసు మెయిల్ ఒకటి:

"ద ఫైల్ విచ్ యు ఆస్క్డ్ ఇట్ యెస్టర్‌డే ఐ సెంట్ టు అవర్ మేనేజర్, దట్ ఈజ్ ఆన్ లీవ్. ద కస్టమర్ హిజ్ అడ్రస్ వాజ్ రాంగ్ హి కాల్డ్ టుడే. ద షాప్ విచ్ హి వర్క్స్ ఈజ్ ఇన్ ఏలూరు."

మొదటి వాక్యంలో ఇట్ ఖాళీని నింపేసింది. పైగా అడిగింది ఫైలు కోసం కాబట్టి ఆస్క్డ్ తర్వాత ఫర్ కావాలి. కామా తర్వాత దట్ వచ్చింది, మేనేజర్ మనిషి కాబట్టి హూ. రెండో వాక్యంలో హిజ్ స్థానంలో హూజ్ రావాలి, తర్వాతి హి పోవాలి. మూడోదాంట్లో పనిచేసేది షాపులో, కాబట్టి వేర్.

"ఐ సెంట్ ద ఫైల్ యు ఆస్క్డ్ ఫర్ యెస్టర్‌డే టు అవర్ మేనేజర్, హూ ఈజ్ ఆన్ లీవ్. ద కస్టమర్ హూజ్ అడ్రస్ వాజ్ రాంగ్ కాల్డ్ టుడే. ద షాప్ వేర్ హి వర్క్స్ ఈజ్ ఇన్ ఏలూరు."

సాధనకు తెలుగు దినపత్రిక ఒక్కటి చాలు. రోజూ ఒక వార్త తీసుకుని 'చేసిన', 'జరిగే', 'లేని' లాంటి మాటల కింద గీత గీయండి. ఒక్కో వార్తలో ఇలాంటివి చాలానే తగులుతాయి. వాటిలో ఐదు ఎంచుకుని, ఒక్కోదాన్ని రెండు ఇంగ్లిష్ వాక్యాలుగా విడగొట్టి, ఖాళీ గుర్తించి కలపండి. 'వాసన', 'వార్త' రకంవి తగిలితే పక్కన పెట్టి వాటికి ఆఫ్ గానీ, ఆ వేరే దట్ గానీ వాడండి.